రెండేసి వేళ్ళు

పక్కన చెయ్యి పెడితే చురుక్కుమంది.
లోపల పెరుగు పులిసి మూత దాటింది.
పై అరలో రెడ్డెయ్య దాచుకున్న చింతకాయ తొక్కు తప్ప
ఏదీ మాట నిలుపుకోలేదు.
మస్తాన్ వలి ఏం మాట్లాడకుండా
ఇన్సులిన్ సీసాను తడిగుడ్డలో చుట్టుకుని
కింద మలయాళీ బకాలాకి వెళ్ళాడు,
కూల్‌డ్రింకుల మధ్య కాస్త చోటడగడానికి.

ఫర్వానియా. ఆగస్టు. శుక్రవారం.
కిటికీ అద్దానికి అంటించిన వెండికాగితాన్ని కూడా
ఎండ లెక్కచెయ్యని మధ్యాహ్నం.

ఓబులేసుది డక్టుల పని.
గాలికి దారులు వేసేవాడు గనక
ఫ్రిజ్జుకీ వాడే వైద్యుడు.
ముందు ప్లగ్గు పీకాడు.
జేబులోంచి పావు దినారు నోటు తీసి
తలుపు సందున పెట్టి మూసి, లాగాడు.
నోటు రాలేదు. "రబ్బరు బాగుందప్పా."
కింది మూల ఇంకోసారి. అక్కడా బిగిసింది.
నోటు మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.
వైద్యుడి ఫీజు వైద్యుడే ఇచ్చుకున్నాడన్నాడు రెడ్డెయ్య.

"ఉడుకుడుకు కూర గిన్నెతోనే పెట్టినారా ఎవురన్నా?"
ఎవరూ ఒప్పుకోలేదు.
"దినానికెన్నిసార్లు తెరుస్తారు?"
తొమ్మిదిమందిమి, మూడు షిఫ్టులు. లెక్క తేలలేదు.

అందరం పట్టి దాన్ని ముందుకు లాగాం.
వెనక నల్లటి జాలీ మీద
మూడేళ్ళ బూజు, దుప్పట్ల నూగు, తురాబు గాలి తెచ్చిన ఇసుక.
పాత టూత్‌బ్రష్షుతో దులుపుతుంటే దొరికాయి
ఒక చొక్కా గుండీ, ఎండిన నిమ్మచెక్క,
ఎప్పుడో వెళ్ళిపోయిన పీరయ్య సివిల్ ఐడీ జిరాక్సు.
అడుగున మోటారుకి వేలు తగిలించి
ఓబులేసు చటుక్కున చెవితమ్మె పట్టుకున్నాడు.

"ఇది చల్లదనం తయారు చెయ్యదప్పా.
చల్లదనం ఎవురూ తయారు చెయ్యలేరు.
లోపలి వేడిని వీపున మోసుకొచ్చి
బయట దించుతుంది, అదే దీని కూలి.
దించే తావు లేకుంటే
మోసిందాన్నే మళ్ళా మోస్తా ఉంటాది.
గోడకీ దీనికీ రెండు బెత్తెలన్నా సందుండాల."

గదిలో ఎవరూ దగ్గలేదు కూడా.
మే నెలలో రామాంజులు వచ్చాడు,
కంపెనీ మూతబడి, ఒక్క సంచీతో, ఇరవై రెండేళ్ళవాడు.
వాడి పరుపు పట్టాలని ఆ రాత్రి
నవ్వుకుంటూనే ఫ్రిజ్జును గోడలోకి తోసేశాం.

ఇప్పుడెవరమూ వాడి వైపు చూడలేదు.
చూడకపోవడం వాడికి తెలిసిపోయింది.
మెల్లగా లేచి పరుపు చుట్టడం మొదలుపెట్టాడు.
తాడు కోసం వెతుకుతుంటే
ఓబులేసు స్క్రూడ్రైవరు వాడి చేతిలో పెట్టి
"పట్టుకో, ఊరికే నిలబడొద్దు" అన్నాడు.

రెండంతస్తుల మంచాలు నాలుగు.
వాటి నడుమ తువ్వాళ్ళు ఆరే సందులు.
ఒక్కో సందు రెండేసి వేళ్ళు ఇరుకైతే చాలని
సిద్దయ్య నేల మీద పెన్సిలుతో గీతలు గీశాడు,
షట్టరింగు మేస్త్రీ, గీత తప్పడు.
రెడ్డెయ్య జరగనన్నాడు.
తన సందులో సూట్‌కేసు, సూట్‌కేసులో
కూతురికని కొన్న గాజుగిన్నెలు.
గొణిగాడు. టీ తాగాడు. మళ్ళీ గొణిగాడు.
ఆఖరికి తనే మంచం కోడు పట్టుకుని
ఇంకెవరూ చెయ్యి వెయ్యకముందే జరిపేశాడు.
సాయంత్రం చూస్తే గీత దాటి ఇంకో వేలు.

అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచాం అందరం.
చప్పుడుకి కాదు,
మూడు నెలలుగా ఆగని మోటారు ఆగిపోయినందుకు.
కరెంటు పోయిందేమోనని మస్తాన్ వలి
చీకట్లో చెప్పులు తడుముకుంటున్నాడు.
"పండుకోండి సామీ," పై మంచం మీంచి ఓబులేసు గొంతు,
"చల్లబడింది. అందుకే ఆగింది."

ఫ్రిజ్జుకి అందరికంటే దగ్గరగా పడుకున్న రామాంజులు
ఫోను వెలుగులో టైము చూశాడు.
పదకొండు నిమిషాలకి అది గొంతు సవరించుకుని
మళ్ళీ పనిలోకి దిగింది.
అప్పటికి రెడ్డెయ్య గురక పెడుతున్నాడు,
గాజుగిన్నెల సూట్‌కేసు
కాళ్ళ దగ్గర పెట్టుకుని, మోకాళ్ళు ముడుచుకుని.